పోయిన కథ కోసం అన్నం మానేస్తారా?

శ్రీకాకుళం

చిట్టితల్లికి అత్త ఆశీస్సులు.

ఒక ఏడాది ఉద్యోగం పక్కన పెట్టి, కథలు రాసుకోవడానికి మన ఊరు వస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి పిల్లకు ఇంత తెగువ ఉందని వీధిలో అందరికీ చెప్పుకున్నాను. ఇంతలో మీ అమ్మ ఫోను అందుకుని ఇంకో సంగతి చెప్పింది. నిద్ర పట్టబోతుండగా నీకు మంచి కథ తట్టిందట, తెల్లవారేసరికి మరచిపోయావట, ఆ దిగులుతో సరిగా తినడం లేదట. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. తలగడ పక్కన చిన్న పుస్తకం, పెన్సిలు ఉంచుకో. చేతులు ఖాళీ లేనప్పుడు ఫోనులో నీ గొంతుతో చెప్పి దాచుకో.

ఎలా రాసుకోవాలన్నది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. బడిలో పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని కదా, ఆటో లోవీ అనే శాస్త్రవేత్త కథ వాళ్లకు తరచూ చెప్పేదాన్ని. ఒక రాత్రి ఆయనకు నిద్రలో ఒక ప్రయోగం తట్టింది. లేచి కాగితం మీద ఏదో గీకి పడుకున్నాడు. పొద్దున చూసుకుంటే తన రాత తనకే అర్థం కాలేదు. మరుసటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్మకుండా నేరుగా ప్రయోగశాలకు వెళ్లి, కప్ప గుండెల మీద ఆ ప్రయోగం చేసేశాడు. నరాలు రసాయనాల ద్వారా కబురు పంపుతాయని అలా తేలింది. 1936లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అందరికీ ఆ రెండో రాత్రి రాదు తల్లీ! అందుకని ‘నాగావళి, గొడుగు’ అని రెండు ముక్కలు రాసి ఊరుకోకు. ఆ గొడుగు ఎవరిదో, దాన్ని తలచుకుంటే నీ గుండె ఎందుకు కలుక్కుమందో పూర్తి వాక్యాల్లో రాయి. గొడుగు గుర్తుంటుంది, ఆ ‘ఎందుకు’ అన్నదే జారిపోతుంది.

ఇక మీ మామయ్య సంగతి. ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, నీకు చెప్పాలి.

విజయనగరంలో పనిచేసే రోజుల్లో ఆయన పాసింజరులో వెళ్లివచ్చేవారు. ఒక ఉదయం బండి పొందూరు దాటాక, కిటికీ పక్కన కూర్చున్న మనిషికి ఒక కథ మొదటి నుంచి చివరి దాకా కనిపించిందట. జేబులో కలం ఉంది, సంచిలో కాగితాలున్నాయి. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఎలా మరచిపోతాను అనుకున్నారు. విజయనగరంలో దిగగానే తెలిసినాయన ఒకరు కలిశారు. టీ తాగారు, బదిలీల గురించి మాట్లాడుకున్నారు. అప్పుడే పుట్టిన ఆలోచన మనసులో కాసేపే నిలుస్తుంది, ధ్యాస మరోదాని మీదికి మళ్లితే చోటు ఖాళీ చేస్తుంది. బడికి చేరేసరికి చింతపండు మూటతో బండి దిగిన ఒక ముసలమ్మ తప్ప ఇంకేమీ మిగలలేదు.

మరచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత చేసిన పనే ఆయన్ను ముంచింది. పోయిన కథ ఏటికేడు గొప్పదైపోయింది. ఏ కొత్త ఆలోచన వచ్చినా దాని ముందు ఇదెంత అని తోసేసేవారు. ఎవరైనా కథ అడిగితే, అది గుర్తుకు రానివ్వండి, రాస్తాను అనేవారు. నేను వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి తెల్లకాగితం ముందు అలిగినట్టు కూర్చుని ఉండేవారు. ఆ ముసలమ్మతోనే మొదలుపెట్టండి, మూటలో ఏముందో రాస్తూ ఉంటే తెలుస్తుంది అని పోట్లాడాను. అది వేరు, ఇది వేరు అన్నారు. అంతకుముందు అచ్చయిన రెండు కథలే ఆయనకు మిగిలాయి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మన ఊళ్లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయంలో అవి ఉన్నాయి. వెళ్లినప్పుడల్లా ఆ పేజీలు తీసి చూసుకుంటాను. పది కథలు రాయగల మనిషమ్మా ఆయన!

నీకు కథలు చెబుతూ అన్నం తినిపించింది ఆయనే. ఆ మొండితనం కూడా ఆ ముద్దలతోనే నీకు వచ్చిందని నా భయం. ఒక కథ పోతే నువ్వు పోయినట్టా? నీకు తట్టినవన్నీ అయిపోయాయా?

వెతకవద్దని అనను. 1975లో గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు పరిశోధకులు డైవర్లకు కొన్ని మాటలు నీటి అడుగున, కొన్ని ఒడ్డున నేర్పి పరీక్షించారు. నీళ్లలో నేర్చుకున్నవి నీళ్లలోనే బాగా గుర్తొచ్చాయి. కాబట్టి అదే మంచం మీద, అదే పక్కకు తిరిగి పడుకుని, అంతకుముందు ఏం చదివావో, ఏ మాట విన్నావో ఒక్కొక్కటిగా తలచుకో. వస్తే సంతోషం. రాకపోతే ఆ పూటతో వదిలేసి, మిగిలిన చిన్న ముక్కతోనే మొదలుపెట్టు. అదీ లేకపోతే వేరే కథ రాయి. కానీ ఆ రోజే రాయి, మర్నాటికి వాయిదా వేయకు.

నీ కోసం వెనక గదికి సున్నం వేయించాను. మామయ్య బల్లను కిటికీ వైపు జరిపించాను. ఇవాళ మాత్రం కడుపునిండా తిని పడుకో. ఏ బండికి వస్తున్నావో ముందే చెప్పు. ఆముదాలవలసలో రాత్రిపూట దిగి ఒక్కదానివే ఆటో ఎక్కవద్దు, స్టేషనుకు మనిషిని పంపిస్తాను.

మీ అత్త