ఆ అంకె ఎవర్ని అడిగి రాశారు?

పిల్లల రక్షణ పేరుతో జరిగే ప్రచారాల మీద, చందాల మీద వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: ఏడురోడ్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ట్యాబ్ పట్టుకుని నన్ను ఆపారు. “దేశంలో ప్రతి ఇద్దరు పిల్లల్లో ఒకరిపై లైంగిక వేధింపు జరుగుతోంది, నెలకు వెయ్యి ఇవ్వండక్కా” అన్నారు. నాకిద్దరు ఆడపిల్లలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ లెక్క నిజమేనా? – ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, ఆ అంకె గాల్లోంచి పుట్టింది కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో అచ్చువేసిన అధ్యయనంలో 53.22 శాతం అని ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగారు. వాళ్లెవరో మాత్రం ట్యాబ్ కుర్రాళ్లు చెప్పరు. బడికి పోయేవాళ్లు 3,163 మంది. బడికి పోకుండా ఇంట్లో ఉన్నవాళ్లు 2,245. పనుల్లో ఉన్నవాళ్లు 2,411. వీధుల్లో బతికేవాళ్లు 2,317. ఆశ్రమాల్లాంటి చోట్ల ఉన్నవాళ్లు 2,311. అంటే బడి పిల్లలు నాలుగో వంతే. మన ఊళ్లో పిల్లలు ఈ పాళ్లలో ఉంటారా? ఎక్కువ ఆపదలో ఉన్న పిల్లల గోడు తెలుసుకోవడానికి అలా ఎంచుకోవడం సబబే. దాన్ని దేశంలోని పిల్లలందరికీ వర్తింపజేయడమే తప్పు.

ఏమడిగారన్నదీ చూడాలి. బలవంతపు ముద్దు, అశ్లీల చిత్రాలు చూపించడం, ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో వెకిలి చేష్టలు మొదలుకొని అత్యాచారం దాకా అన్నీ ఆ 53లో కలిశాయి. తీవ్రమైనవి విడిగా తీస్తే ఐదో వంతు పైచిలుకు. ఐదో వంతు అన్నా గుండె ఆగిపోవాల్సిన సంగతే, దాన్ని పెంచి చెప్పాల్సిన పనేముంది? పైగా ఆనాటి పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. పిల్లలపై లైంగిక నేరాలకు విడిగా పోక్సో చట్టం వచ్చిందే 2012లో. “జరుగుతోంది” అనడానికి ఆ అంకె చాలదు.

మీకు అసలు పనికొచ్చే మాట అదే నివేదికలో ఉంది. వేధించినవాళ్లలో సగం మంది బిడ్డకు తెలిసినవాళ్లు, ఇంట్లోవాళ్లు నమ్మినవాళ్లు. కరపత్రాల మీద మాత్రం ఎప్పుడూ చీకటి సందు, ముసుగు మనిషి. అది చూసిన తల్లి బిడ్డను అంగడికి పంపడానికి భయపడుతుంది గానీ, రోజూ ఇంటికి వచ్చిపోయే వరసైన మనిషి దగ్గర బిడ్డ ఎందుకు ముడుచుకుపోతోందో గమనించదు. తప్పుడు ప్రచారం చేసే అసలు చెరుపు ఇదే. “ఎవరైనా సరే, మామైనా సారైనా, ఇబ్బందిగా ముట్టుకుంటే నాకు చెప్పు, నిన్ను కొట్టను, తిట్టను” అని ఇద్దరికీ చెప్పండి. ఒక్కసారి చెప్పి ఊరుకోవద్దు, మళ్లీ మళ్లీ చెప్పండి.

ఇక వెయ్యి రూపాయలు. వీధిలో ఆపే కుర్రాళ్లు చాలాసార్లు ఆ సంస్థ మనుషులు కారు, చందాల వసూలుకు ఏదో ఏజెన్సీ పనికి పెట్టుకున్న మనుషులు. నిలబడిన చోట బ్యాంకు వివరాలు, ఓటీపీ ఇవ్వకండి. సంస్థ పేరు, పాన్, దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే నమోదు సంఖ్య) రాయించుకుని ఇంటికి రండి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో 80జి (చందాకు పన్ను మినహాయింపు) నమోదు ఉందో లేదో చూడొచ్చు. విదేశీ నిధులు తీసుకునే సంస్థైతే దాని ఏటి లెక్కలు చూపించమనండి. ఆ నిధుల్లో ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదని విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ. “పోయిన ఏడు ఎంత వసూలైంది, అందులో ప్రచారానికి ఎంత, బిడ్డల వైద్యానికి, కౌన్సెలింగ్‌కు, కోర్టు ఖర్చులకు ఎంత?” అని అడగండి. నీళ్లు నమిలితే ఇవ్వకండి. నగదు రెండు వేలు దాటితే 80జి మినహాయింపు రాదు. ఇప్పటికే ఆటోపే పెట్టి ఉంటే యూపీఐ యాప్‌లోనే రద్దు చేయొచ్చు, బ్యాంకు మాండేట్ (నెలనెలా ఖాతాలోంచి తీసుకోవడానికిచ్చిన అనుమతి) అయితే బ్యాంకును అడిగి రద్దు చేయించుకోవాలి.

ప్రశ్న: పిల్లలపై నేరాలు ఏటేటా పెరుగుతున్నాయని పేపర్లో చదువుతున్నాం. నిజంగా పెరుగుతున్నాయా? – కర్నూలు

జవాబు: పేపర్లో వచ్చేది పోలీసులు నమోదు చేసిన కేసుల లెక్క. 2022లో జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 1,62,449, అంతకు ముందేడు 1,49,404. అందులో 45.7 శాతం కిడ్నాప్ కేసులు, పోక్సో కేసులు 39.7 శాతం. మొత్తాన్ని “లైంగిక నేరాలు” అని రాసేస్తే అబద్ధమవుతుంది. ధైర్యం చేసి స్టేషన్ మెట్లెక్కేవాళ్లు పెరిగినా కేసులు పెరుగుతాయి, నేరం పెరిగినా పెరుగుతాయి. ఈ ఒక్క అంకెతో ఏది కారణమో తేల్చలేం. పోస్టర్ల మీద కనిపించే “ఎనిమిది నిమిషాలకో బిడ్డ మాయం” కూడా ఇలాంటిదే. 2022లో తప్పిపోయారని నమోదైన పిల్లలు 83,350. అంటే ఎనిమిది నిమిషాల కంటే తక్కువలోనే ఒకరు! కానీ అదే ఏడాది, అంతకు ముందు తప్పిపోయినవాళ్లతో కలిపి, 80,561 మంది దొరికారు. ఆ రెండో సగం పోస్టరు మీదికి ఎక్కదు.

అంతమాత్రాన నేరం తక్కువని అనుకోవద్దు. 2011లో ప్రపంచవ్యాప్త పరిశోధనలను కలిపి చూస్తే, చిన్నతనంలో లైంగిక వేధింపు జరిగిందని తామే చెప్పుకున్నవాళ్లు వెయ్యికి 127 మంది. అధికారుల, వృత్తి నిపుణుల ద్వారా బయటపడ్డవి వెయ్యికి నాలుగు. పోస్టరు మీది అంకెను అనుమానించండి, నోరు తెరిచిన బిడ్డను మాత్రం అనుమానించవద్దు.

ప్రశ్న: మా బడిలో అవగాహన సదస్సు పెడతామని ఒక సంస్థ వచ్చింది. పిల్లకు యాభై రూపాయలు అడుగుతున్నారు. చివర్లో “నీకు ఇలా జరిగిందా” అని ఫారం నింపిస్తారట. ఒప్పుకోవచ్చా? – ఉపాధ్యాయుడు, ఆదోని

జవాబు: ఆ ఫారానికి ఒప్పుకోకండి సార్. పేరు రాయిస్తే, ఒక బిడ్డ “అవును” అని పెట్టిన క్షణం నుంచి పోలీసులకు తెలియజేయడం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది దాకా జైలు. పేరు లేకుండా రాయిస్తే, సాయం అడిగిన బిడ్డ ఎవరో మీకెప్పటికీ తెలియదు. ఆ కాగితాల కట్ట మాత్రం రేపు “రాయలసీమలో ఇంత శాతం” అని మరో పోస్టరు అవుతుంది. పక్క బెంచీవాడు తొంగి చూస్తుండగా నింపిన జవాబుకు విలువేముంది?

సదస్సు మాత్రం మంచిదే. వచ్చేవాళ్ల పోలీసు వెరిఫికేషన్ కాగితం ముందే తీసుకోండి. పిల్లలతో తరచూ మెలిగే సంస్థల సిబ్బందికి అది 2020 పోక్సో నిబంధనల్లో ఉంది. చిన్న తరగతులను, పెద్ద తరగతులను వేరుగా కూర్చోబెట్టాలి. ఒక టీచరమ్మ గదిలోనే ఉండాలి, ఫొటోలు తీయకూడదు. సదస్సు అయ్యాక ఎవరైనా వచ్చి మాట్లాడేందుకు కౌన్సెలర్ ఆ పూటంతా బడిలో ఉండాలి. ఉండలేమంటే ఆ సదస్సే వద్దు. డబ్బు కట్టాల్సిన పని కూడా లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఉత్తరం రాయండి, పిల్లలకు వివరించడం వాళ్ల పనిలో భాగమే.

ప్రశ్న: ఒక పాప ఫొటో, ఊరిపేరు, క్యూఆర్ కోడ్ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. “అత్యాచార బాధితురాలు, ఆపరేషన్‌కు సాయం చేయండి” అని. నేను ఐదొందలు పంపాను. తప్పు చేశానా? – అనంతపురం

జవాబు: మీ మనసులో తప్పు లేదు. ఆ బొమ్మలో ఉంది. బాధిత బిడ్డ ఫొటో, ఊరు, బడి, ఇంటివాళ్ల వివరాలు ఏ రూపంలో బయటపెట్టినా బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద శిక్ష ఉంది. నిజంగా బిడ్డ మేలు కోరేవాళ్లు ముఖం చూపించరు. అత్యాచార బాధితులకు ప్రైవేటుతో సహా ఏ ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. తిండి, బట్టలు, ప్రయాణం వంటి తక్షణ అవసరాలకు బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేస్తే వారంలో డబ్బు అందాలి. ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు, ఆదేశం అందిన 30 రోజుల్లో చెల్లించాలి. ఆ కుటుంబం మీకు తెలిసినవాళ్లైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెంటబెట్టుకెళ్లండి. మీ ఐదొందల కంటే అది వాళ్లకు ఎక్కువ అక్కరకొస్తుంది.

క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు ఎవరి పేరు కనిపించిందో మీ యాప్ చరిత్రలో ఉంటుంది. సంస్థ పేరు కాకుండా ఎవరో మనిషి పేరుంటే స్క్రీన్‌షాట్ తీసి సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పండి. బిడ్డ ఆపదలో ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి. 2023 నుంచి దాన్ని ప్రభుత్వమే నడుపుతోంది, ఆ నంబరు పేరుతో చందా అడిగితే నమ్మొద్దు. ఆ బొమ్మను ఫోన్లోంచి తీసేయండి, పంపినవాళ్లనూ తీసేయమనండి.