టీబీ గోలీలు వేసుకుంటూ గర్భం రాకుండా వేసుకునే మాలా-ఎన్ గోలీ వాడితే పనిచేస్తుందా?

నమ్ముకోవద్దు. హనుమకొండ అయినా ములుగు అయినా ఆశ కార్యకర్త ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్ ఒకటే: 21 హార్మోన్ గోలీలు, 7 ఐరన్ గోలీలు. ఒక్కో హార్మోన్ గోలీలో ఇథినైల్ ఈస్ట్రడయాల్ (కృత్రిమ ఈస్ట్రోజన్, అంటే ఆడ హార్మోన్) 30 మైక్రోగ్రాములే, తోడుగా లెవోనార్జెస్ట్రెల్ అనే ఇంకో హార్మోన్ 150.

సహజ ఈస్ట్రోజన్‌ను మింగితే పేగు, కాలేయం దాదాపు మొత్తం మార్చేస్తాయి. 17వ కార్బన్ దగ్గర ఇథినైల్ ముక్క తగిలించారు కాబట్టి గోలీలోని ఇథినైల్ ఈస్ట్రడయాల్ కాస్త నిలుస్తుంది. అయినా నెత్తురులోకి చేరేది సగం లోపే. పేగు గోడ సల్ఫేట్ కలిపి కొంత ఆపుతుంది, కాలేయంలో సిప్3ఏ4 ఎంజైమ్ ఇంకొంత విరగ్గొడుతుంది.

చిక్కంతా ఈ ఎంజైమ్‌తోనే. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ దాన్ని ఎక్కువగా తయారు చేయిస్తుంది. రెండు హార్మోన్లూ తొందరగా ఖర్చయిపోతాయి, మధ్యలో నెత్తురు కనబడొచ్చు, అండం కూడా విడుదల కావచ్చు. రోజుకు రెండు గోలీలు వేసుకోవడం దీనికి మందు కాదు. టీబీ కోర్సు నడిచినన్నాళ్లు, ఆపాక ఇంకో 4 వారాలు కాపర్-టీ గానీ 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ గానీ మేలు. వాటికి ఈ బెడద లేదు. మూర్ఛకు వాడే ఫినైటాయిన్, కార్బమజెపైన్‌తోనూ ఇదే తంటా. అమాక్సిసిలిన్‌కు మాత్రం భయపడనక్కర్లేదు, వాంతులు కాకుంటే చాలు. గోలీ మింగిన 2 గంటల లోపు వాంతయితే ఇంకోటి వేసుకోవాలి.