మనిషి బరువు మోసే డబ్బా చిన్న దెబ్బకే ఎందుకు నలిగిపోతుంది?

ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా మీద మనిషి నిలబడినా ఆగుతుంది, పక్కన తడితే మాత్రం నలిగిపోతుంది, ఎందుకని అడిగారు. రేకు పల్చన కాబట్టి అని చాలామంది చెప్తారు. అదొక్కటే కారణమైతే ఎక్కినప్పుడే నలగాలి కదా!

నేను తొమ్మిదేళ్ళుగా ట్యాంకుల ఫ్యాబ్రికేషన్‌లో ఉన్నాను. ఒకరోజు భోజనాలయ్యాక మా మేస్త్రి ఇలాంటి డబ్బానే నేల మీద పెట్టి, నా భుజం పట్టుకుని ఒంటికాలితో మెల్లగా ఎక్కాడు. డెబ్బై కిలోల మనిషి. భుజం వదిలేసినా డబ్బా కిక్కురుమనలేదు. "ఇప్పుడు తట్టు. వేలితో మాత్రం వద్దు" అన్నాడు. వంగి వెల్డింగ్ రాడ్‌తో పక్కన టక్కున కొట్టాను. రాడ్ వెనక్కి తీసేలోపే ఆయన పాదం నేలకు దిగిపోయింది. రాడ్ కొస మడతలో ఇరుక్కుంది. వేలు పెట్టి ఉంటే తెగేదే.

డబ్బాను నలిపింది మేస్త్రి బరువే. నా దెబ్బకు ఒకచోట గోడ వంపు లోపలికి తిరిగింది. ఆ చోటు మోస్తున్న భారం పక్క చోటు మీద పడింది, అక్కణ్ణుంచి దాని పక్కకు, అలా చుట్టూ పాకిపోయింది.

ఆ రాత్రి లెక్క వేశాను. గోడ మందం 0.1 మి.మీ., వ్యాసార్ధం 33 మి.మీ. అనుకుంటే పాఠ్యపుస్తకంలోని సూత్రం ప్రకారం దాదాపు 270 కిలోలు మోయాలి. రాకెట్ గోడల కోసం నాసా 1968లో సవరించిన ఎస్‌పీ-8007 పద్ధతిలో తగ్గిస్తే సుమారు 105 కిలోలే మిగిలాయి. ఆ తేడా చాలావరకు కంటికి ఆనని సొట్టల వల్లే. ఈ సంగతిని డచ్ ఇంజనీరు కోయిటర్ 1945లోనే తన థీసిస్‌లో తేల్చాడు. మా కాలేజీలో మాత్రం సూత్రం బోర్డు మీద రాసి వదిలేశారు. తగ్గింపు మాటే ఎత్తలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

పైనుంచి సుత్తితో కొడితే కథ వేరు. మెల్లగా నొక్కితే పెద్ద పెద్ద డైమండ్ మడతలు పడతాయి. వేగంగా కొడితే గోడ అంత దూరం పక్కకు జరిగే టైమ్ ఉండదు, చిన్న మడతలే ఎక్కువ పడతాయి.

క్రేన్ హుక్ తగిలి ట్యాంకు సొట్టపడితే "పెయింట్ వేస్తే కనపడదు సార్" అంటారు. కనపడదు నిజమే, గుండ్రదనం తిరిగొస్తుందా? వంపుకు సరిగ్గా కోసిన టెంప్లేట్ ఒకటి ఎప్పుడూ నా బండిలో ఉంటుంది. సొట్ట లోతు రేకు మందం దాటిందంటే ఎవరు ఫోన్ చేసినా సంతకం పెట్టను. గత నెల ఒకటి వెనక్కి పంపాను.