బోర్డర్ కోలీ కావాలంటున్నావు కదా, ముందు ఇది చదువు

చిన్నా,

మారతహళ్లి ఫ్లాట్‌లో బోర్డర్ కోలీని పెంచుకుంటానన్న నీ మెసేజ్ చూశాను. వద్దనను. కానీ రీల్స్‌లో ఫ్రిస్బీ పట్టే కుక్కను చూసి తెచ్చుకోకు, నీ ఇంటికి వచ్చేది మంద తోలే కుక్క.

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల కోసం తయారైన జాతి అది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క రక్తం ఇప్పటి బోర్డర్ కోలీలన్నిటిలో దాదాపుగా ఉంది. పెద్దగా మొరగదు. తల దించి, ఒళ్లు నేలకు ఆనించినట్టు నడుస్తూ, రెప్ప వేయకుండా చూసే ఆ చూపుతోనే గొర్రెను కదిలిస్తుంది. బెంగళూరులో గొర్రెలు దొరక్కపోతే అదే చూపు స్కూటర్ చక్రాల మీద, కారిడార్‌లో పరుగెత్తే పిల్లల మీద పడుతుంది. పిల్లల్ని ఒకచోట చేర్చబోతుంది, వినకపోతే పిక్క పట్టబోతుంది. అది పొగరు కాదురా, దాని పని. కాబట్టి కొట్టకు. బండి ఇంకా దూరంగా ఉండగానే పేరు పెట్టి పిలువు, నీవైపు తిరిగిందా, వెంటనే నోటికి ఏదైనా అందించు. బండి దగ్గరికి వచ్చేశాక పిలిచినా దాని చెవికెక్కదు. బయట బెల్టు మాత్రం వదలకు.

రోజూ గంటసేపు పరిగెత్తిస్తే చాలని అందరూ చెబుతారు, నేను ఒప్పుకోను. ఒట్టి పరుగుతో దమ్ము పెరుగుతుంది కానీ బుర్రకు పని దొరకదు. అమెరికాలో జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ దగ్గర పెరిగిన చేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. నువ్వు అయిదు బొమ్మలతో మొదలుపెట్టు. గిన్నెలో తిండి పోసెయ్యకుండా పాత టవల్ పరిచి, ఆ తిండి గింజలే చల్లి, చుట్ట చుట్టి ఇవ్వు, ముక్కుతో విప్పుకుంటూ కాసేపు దానిలోనే మునిగిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఒక చాప వేసి దాని మీద ఊరికే పడుకోవడం నేర్పు. కుదురుగా ఉండడం దీనికి పుట్టుకతో రాదు, నేర్పాల్సిందే. లేజర్ లైటుతో ఆడించే పని మాత్రం వద్దు, తర్వాత గోడ మీద వెలుగు కదిలినా, నీడ కదిలినా వెంటపడే పిచ్చి పట్టుకోవచ్చు.

ఎండాకాలంలో వాకింగ్ తెల్లవారుజామునే ముగించు. బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది, ఎండ అని గొరిగించకు, దువ్వెన చాలు. పిడుదుల మందు నెల తప్పనివ్వకు. కోలీ రక్తం ఉన్న కొన్ని కుక్కలకు ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు పడవు, అది ఎండీఆర్1 అనే జన్యువులో తేడా వల్ల, కాబట్టి ఏ సూది వేయించే ముందైనా డాక్టర్‌కు జాతి పేరు గుర్తుచెయ్యి. కుక్కపిల్లను అమ్మేవాళ్లను దాని తల్లిదండ్రుల తుంటి, కళ్ల పరీక్షల కాగితాలు అడుగు, నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్.

ఇదంతా కాగితం మీద చదివితే తెలిసేది కాదు. ఈ జాతి కుక్క ఉన్నవాళ్లెవరైనా ఊరెళ్తుంటే, వాళ్లు ఒప్పుకుంటే ఒక శని, ఆదివారాలు నీ దగ్గర ఉంచుకుని చూడు. పన్నెండు, పదిహేనేళ్ల తోడు అది. వారంలో అయిదు రోజులూ ఆఫీసుకే వెళ్లాల్సి వచ్చి, ఇంట్లో ఎవరూ లేకపోతే ఈ జాతి వద్దు. అప్పుడు షెల్టర్‌లో నెమ్మదస్తురాలైన ఈడొచ్చిన ఇండీని, అంటే మన నాటు కుక్కను ఒకదాన్ని చూద్దాం, నేనూ వస్తాను.

మీ పెద్దత్త