లంక ఊళ్లో వార్డు మెంబరు ఉప ఎన్నిక: కాకినాడ నుంచి వచ్చి ఓటు వేయొచ్చా?

వేయొచ్చండి, కానీ ముందు ఒకటి చూసుకోండి. సర్పంచ్ పదవి ఖాళీ అయితే ఊరంతా ఓటేస్తుంది. మీరు అడిగింది వార్డు మెంబరు ఖాళీ గురించి కాబట్టి ఆ వార్డు ఓటర్లకే హక్కు. జాబితాలో మీ పేరు ఏ వార్డు కింద ఉందో పంచాయతీ ఆఫీసులో అడగండి. కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు.

ఈ ఎన్నిక జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. పార్టీ గుర్తులు ఉండవు, అభ్యర్థికి కేటాయించిన గుర్తే చూసుకోవాలి.

టైము విషయంలో అశ్రద్ధ వద్దు. 2021 పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 వరకే జరిగింది. అసెంబ్లీ ఎన్నికల్లాగా సాయంత్రం దాకా ఉంటుందనుకుని బయల్దేరితే రేవు దగ్గర పంటు కోసం నిలబడే లోపే తలుపులు మూసేస్తారు. ముందురోజు రాత్రికే ఊరు చేరిపోండి.

మా అమ్మ ఎప్పుడూ టెన్షన్ పడేది బ్యాలెట్ కాగితం దగ్గరే. ఆ 2021 ఎన్నికల్లో మెషిన్ లేదు, రబ్బరు ముద్రే. ముద్ర ఒక్క గుర్తు మీదే, గడి మధ్యలో పడాలి. రెండు గుర్తుల మధ్య గీత మీద పడి, ఎవరికి వేశారో తేలకపోతే ఆ ఓటు చెల్లదు. సిరా ఆరనిచ్చి, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవండి. అలా మడిస్తే సిరా పక్క గుర్తుకు అంటదు. వార్డు ఎన్నికల్లో పది ఓట్లతో ఫలితం మారిపోతుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.