నాన్న వేలిముద్ర, తమ్ముడి వీలునామా

ప్రశ్న: నాన్న స్వార్జితమైన మల్కాజిగిరి ఇల్లు మొత్తం తమ్ముడికే రాశారట. అప్పటికి ఆయనకు పక్షవాతం, మమ్మల్నే గుర్తుపట్టలేదు. సంతకం బదులు వేలిముద్ర ఉంది. దగ్గరుండి రాయించింది తమ్ముడే. రిజిస్టరైంది కాబట్టి ఏమీ చేయలేరంటున్నాడు. నిజమేనా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: కాదమ్మా. రిజిస్ట్రేషన్ గురించి టెన్షన్ వద్దు, అదొక్కటే వీలునామాను నిరూపించదు. 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులుండాలి. లబ్ధిదారే దగ్గరుండి రాయిస్తే ఆ అనుమానం తీర్చే భారం వీలునామా చూపేవాళ్లదేనని సుప్రీంకోర్టు 1959లోనే వేంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. వేలిముద్ర మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, చెయ్యి పడిపోయిందంటాడు. మీ అసలు బలం నాన్నగారి మానసిక స్థితి. ఆ రోజుల ఆసుపత్రి కేస్‌షీట్ ముందు సంపాదించండి. ‘ఆడపిల్లలకు ఏమీ ఇవ్వలేదు’ అన్నదొక్కటే అయితే నేనూ కేసు వేయమనను. స్వార్జితం ఆయన ఇష్టం.