కోడింగ్ రాకుండా చిత్తూరు వాతావరణం రోజూ తెలుగులో గ్రూపుకి పంపేది ఎట్లా?

మామిడి రైతుల గ్రూపుకి పొద్దున్నే వాన కబురు తెలుగులో దానంతటదే పోవాలి అని అడిగినావు కదా అన్నా, బాగా కుదురుతుంది. కోడింగ్ లేకుండా ఇట్లాంటి పనులు దానంతటదే జరిగేలా చేసే వెబ్‌సైట్లు జాపియర్ (Zapier), మేక్ (Make) అని ఉన్నాయి. జాపియర్ ఫ్రీ ప్లాన్‌లో రెండు స్టెప్పులే, మనకు కనీసం మూడు కావాల (వాతావరణం తెచ్చేది, తెలుగు చేసేది, పంపేది), అందుకే మేక్ వాడు.

వాతావరణం వివరాలు ఇచ్చే ఓపెన్‌వెదర్ (OpenWeather) సైట్‌లో ఫ్రీగా ఏపీఐ కీ (ఆ వివరాలు తీసుకునేదానికి పాస్‌వర్డ్ లాంటిది) తీసుకో, వాళ్ల ఫోర్‌కాస్ట్ లింకుని మేక్‌లోని హెచ్‌టీటీపీ మాడ్యూల్‌లో (లింకు నుంచి సమాచారం తెచ్చే స్టెప్పు) పెట్టు, చిత్తూరుకి అక్షాంశం 13.22, రేఖాంశం 79.10. యూనిట్స్ మెట్రిక్ అని పెట్టకపోతే కెల్విన్‌లో వస్తుంది, 38 డిగ్రీలు కాస్తా 311 అని పోతుంది. టైమ్ కూడా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలుపుకోవాల.

తెలుగు చేసేదానికి గూగుల్ ట్రాన్స్‌లేట్ పెట్టొచ్చు కానీ నేనైతే వద్దంటా, ఎందుకంటే ఓపెన్‌వెదర్ ప్రతి స్థితికీ ఒక నంబర్ ఇస్తుంది, 200ల్లో ఉంటే ఉరుములతో వాన, 500ల్లో మామూలు వాన, 800 అంటే ఆకాశం తేటగా ఉందని, ఆ నంబర్ల పక్కనే గూగుల్ షీట్‌లో మన యాసలో మనమే రాసి పెట్టుకుంటే "సాయంత్రం వాన పడొచ్చు, ఈరోజు చెట్లకి మందు కొట్టొద్దండి" అని పోతుంది, ఇది చదివిన రైతుకి పనికొచ్చే మాట, గూగుల్ ట్రాన్స్‌లేట్ ఇట్లా రాయదు.

పంపేదానికి టెలిగ్రామ్ సులువు, టెలిగ్రామ్‌లోనే ఉండే బాట్‌ఫాదర్ (BotFather) అనే అకౌంట్‌లో బాట్ (దానంతటదే మెసేజ్‌లు పంపే అకౌంట్) చేసి గ్రూపులో చేర్చు, వాట్సాప్ గ్రూపుకి పంపడం చాలా తలనొప్పి.

నవంబర్‌లో వాయుగుండం పట్టినప్పుడు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, 2021లో తిరుపతి మునిగింది చూసినాం కదా, వాతావరణ శాఖ హెచ్చరికలు నువ్వే చూసి చేత్తో పెట్టు.